ఆర్యభటాచార్యుడు – భూభ్రమణవాదము

ప్రాచీన భారతీయ జ్యోతిర్విదులలో ఆర్యభటాచార్యుని పేరు వినని విద్యావంతుడు నేడు లేడు. 1975వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన అంతరిక్షమున ప్రవేశపెట్టబడిన ప్రథమ భారతీయ కృత్రిమోపగ్రహమునకు ఆయన పేరే పెట్టబడినది. అయితే ఈ కీర్తి ఇటీవలిది. ఆయన గ్రంథము వెలువడిన పిమ్మట అనేక శతాబ్దులపాటు ఆయన నామము పండితగోష్ఠులయందు గౌరవముతో పాటు ఆక్షేపణను కూడ వెంటబెట్టుకొనియే వినిపించెడిది. స్మృతివిరోధి యనియు, లోకవిరుద్ధము పలికినవాడనియు ఆయనను నిందించినవారు సామాన్యులు కారు. శాస్త్రమున ఆయనతో సమానస్కంధులు. ఆయన చెప్పిన మాటలన్నింటిలో మిక్కిలి సాహసవంతమైనది భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదనునది. ఆ మాట నేటివరకు నిలిచిన విధము విచిత్రమైనది. దానిని ఖండించిన ప్రతివాది దానిని ఉన్నదున్నట్లు భద్రపరచెను; దానిని ఆదరింపవలసిన వ్యాఖ్యాతృపరంపర దానిని మార్చివేసెను. ఆర్యభటుని చరిత్రమున ముఖ్యముగ విచారింపదగినది ఈ అంశమే.

ఆయన జీవితమునుగూర్చి తెలిసినది కొలదియే యైనను, అది ఆయన ముఖమునుండి వెలువడినదగుటచే మిక్కిలి ప్రామాణికము. కాలక్రియాపాదమున ఆయన తన వయస్సును చెప్పుకొనినాడు. మూడు యుగపాదములు గడచి, నాల్గవదానియందు అరువదిని అరువదిచే గుణించగా వచ్చు సంవత్సరములు, అనగా 3600 ఏండ్లు నిండిన సమయమున తనకు జన్మాది 23 సంవత్సరములు గడచినవని ఆయన వచనతాత్పర్యము. కలియుగారంభము క్రీ.పూ. 3102 ఫిబ్రవరి కనుక ఆ కాలము క్రీ.శ. 499 మార్చి అగుచున్నది, జన్మము 476. ప్రాచీన భారతీయ శాస్త్రకారులలో ఇంత నిస్సందేహముగ జన్మసంవత్సరమును నిర్ణయించుకొను అవకాశమిచ్చినవారు మిక్కిలి అరుదు.

జన్మస్థలము విషయమున అట్టి స్పష్టత లేదు. క్రీ.శ. 629లో భాష్యము రచించిన ప్రథమ భాస్కరుడు ఆర్యభటుని ఆశ్మకుడనియు, ఆయన తంత్రమును ఆశ్మకీయమనియు వ్యవహరించెను. చాల కాలమునకు పిమ్మట కేరళీయుడైన నీలకంఠ సోమయాజియు ఆయన అశ్మక జనపదమున జన్మించెనని చెప్పియున్నాడు. బౌద్ధవాఙ్మయమున అశ్మకము గోదావరీ తీరదేశము. దాని రాజధానియైన పోతననగరము నేటి నిజామాబాదు మండలమునందలి బోధనేయని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. ఈ ఆధారముతో ఆర్యభటుడు తెలుగుదేశమువాడని ఉత్సాహపడువారు కలరు. అశ్మకమును నర్మదా గోదావరుల నడుమ జరిపి చెప్పువారును, ఆయనను కేరళీయునిగ భావించువారును కూడ కలరు. అశ్మకశబ్దమును ఆధారము చేసికొని చెప్పదగినంత చెప్పి ఊరకుండుటయే మేలు. శాస్త్రకారుని గొప్పతనము ఊరి పేరుతో పెరుగునది కాదు, తరుగునది కాదు.

పేరు విషయమున మాత్రము ఊరకుండరాదు. ఆర్యభట్టు అని వ్రాయుట నేటికిని మానలేదు. ఆయన స్వయముగ తన పేరును ఆర్యభటుడనియే చెప్పుకొనెను. బ్రహ్మగుప్తాదులును అట్లే వ్యవహరించిరి. ఆ శ్లోకములలో ద్విత్వమును చేర్చినచో ఛందస్సు చెడును. అట్లే, పదవ శతాబ్ది ప్రాంతమున మహాసిద్ధాంతమును రచించిన మరియొక ఆర్యభటుడు కలడు. ఆయనకును ఈయనకును సంఖ్యాసంకేతములయందు గాని సిద్ధాంతములయందు గాని పొత్తు లేదు.

గణితపాదారంభమున ఆర్యభటుడు కుసుమపురమున ఆదరింపబడుచున్న జ్ఞానమును చెప్పుచున్నానని ప్రతిజ్ఞ చేసెను. కుసుమపురమనగా పాటలీపుత్రమని ప్రథమ భాస్కరుని వివరణము. అశ్మకమునుండి మగధకు వెళ్లి అచ్చట విద్యాభ్యాసమో అధ్యాపనమో చేసెనని దీనినిబట్టి ఊహింపవచ్చును. పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకుడు అనువారు ఆయన శిష్యులని భాస్కరుని వలన తెలియుచున్నది.

ఆయన రచించిన ఆర్యభటీయము పరిమాణమున అత్యల్పము. గీతికాపాదమున 13, గణితపాదమున 33, కాలక్రియాపాదమున 25, గోలపాదమున 50, వెరసి 121 శ్లోకములు. గురుముఖమున ఒక పక్షములో కంఠస్థము చేయదగిన గ్రంథము. కాని అందలి ఒక్కొక్క పాదము విప్పుటకు పుటలకొలది వ్యాఖ్య అవసరము. పెద్ద సంఖ్యలను ఛందస్సులో ఇముడ్చుటకై ఆయన ఒక వర్ణసంకేతమును కల్పించుకొనెను. కకారాది మకారాంత వర్గాక్షరములకు 1 మొదలు 25 వరకును, యకారాది అవర్గాక్షరములకు 30 మొదలు 100 వరకును విలువలు. అచ్చులు స్థానములను సూచించును. సూర్యభగణములను తెలుపు ఖ్యుఘృ అను పదమును విప్పినచో, ఖుకారము వలన 20,000, యుకారము వలన 3,00,000, ఘృకారము వలన 40,00,000 చేరి 43,20,000 అగుచున్నది. ఉచ్చారణకు కఠినమే యైనను ఈ సంక్షేపశక్తి మరియొక పద్ధతికి లేదు. వృత్తపరిధికి ఆయన చెప్పిన ప్రమాణము, 20,000 వ్యాసమునకు 62,832, సుప్రసిద్ధము. దానికి ఆసన్నమను విశేషణమును చేర్చుట ఆయన మనఃస్వభావమును తెలుపుచున్నది. తెలిసినదానిని తెలిసినంతవరకే చెప్పుట, మిగిలినదానికి ద్వారము తెరచియుంచుట ఆయన లక్షణము. ఈయన ఆర్ధరాత్రిక పద్ధతిలో మరియొక సిద్ధాంతమును కూడ రచించెను. అది లుప్తమై, అన్యగ్రంథములయందలి ప్రస్తావనలవలననే తెలియుచున్నది.

ఇక వివాదాస్పదములైన విషయములకు వత్తము. పౌరాణిక భూగోళమున భూమి విశాలమైన చక్రము. దాని నడుమ 84,000 యోజనముల ఔన్నత్యముతో మేరువు. ఆర్యభటుని భూమి అన్నివైపుల గుండ్రని గోళము. నక్షత్రపంజరమధ్యమున ఆధారరహితముగ ఉన్నది. కదంబపుష్పపు గుండ్రని గుత్తి అన్నివైపుల కేసరములచే కప్పబడినట్లు ఈ గోళము నలువైపుల ప్రాణులచే ఆవరింపబడియున్నదని ఆయన ఉపమానము. దాని వ్యాసము 1050 యోజనములు. మేరువును ఆయన త్రోసిపుచ్చలేదు. నందనవనమధ్యమున రత్నమయముగనే నిలిపెను. కాని దాని పరిమాణము ఒక్క యోజనమని చెప్పెను. 84,000 యోజనముల పర్వతమును ఒక యోజనమునకు దించినవాడు పురాణమును నోటితో నిందింపనవసరము లేదు.

గ్రహణముల కారణమును ఆయన గోలపాదమున స్పష్టముగ చెప్పెను. చంద్రుడు సూర్యుని కప్పుటవలన సూర్యగ్రహణము. భూమియొక్క మహాచ్ఛాయ చంద్రుని కప్పుటవలన చంద్రగ్రహణము. ఛాయాదైర్ఘ్యమును, చంద్రకక్ష్యయందు దాని వ్యాసమును గణించు విధానమును కూడ చూపెను.

యుగవిభాగమున ఆయన చేసిన మార్పు స్మార్తులను మరింత కలవరపెట్టినది. మన్వాదిస్మృతులు కృతత్రేతాద్వాపరకలులను 4, 3, 2, 1 అను నిష్పత్తిలో విభజించినవి. ఆర్యభటుడు 43,20,000 సంవత్సరముల మహాయుగమును నాలుగు సమపాదములు చేసి ఒక్కొక్కదానికి 10,80,000 సంవత్సరములిచ్చెను. మన్వంతరమునకు స్మృతి 71 మహాయుగములు చెప్పగా ఈయన 72 అనెను. కల్పమున 1000కి బదులు 1008 మహాయుగములయ్యెను. ఇది కేవలము స్వాతంత్ర్యప్రకటనము కాదు. ఆయన చెప్పిన గ్రహభగణసంఖ్యలన్నియు నాలుగుచే నిశ్శేషముగ భాగింపబడును. శనిభగణములు 1,46,564, నాలుగవ పాలు 36,641. గురుభగణములు 3,64,224; నాలుగవ పాలు 91,056. కుజ, చంద్ర, బుధ, శుక్రుల సంఖ్యలును ఇట్టివే. అందుచే ప్రతి యుగపాదారంభమున మధ్యమగ్రహములన్నియు మేషాదియందే కలిసియుండును. కల్యాదినుండి గణనము సుగమమగును. గణితసౌకర్యమునకై స్మృతిసంప్రదాయమును సడలించిన శాస్త్రకారుడాయన.

ఇప్పుడు భూభ్రమణము. గీతికాపాదమున గ్రహముల భగణములతో పాటు ఆయన భూమియొక్క ఆవర్తనములను కూడ లెక్కించి, మహాయుగమున అవి తూర్పువైపునకు 1,58,22,37,500 అని చెప్పెను. ఇందుండి సూర్యభగణములైన 43,20,000 తీసివేసినచో 1,57,79,17,500 సావనదినములు మిగులును. ఈ సంఖ్యలనుబట్టి భూమి ఒకసారి తిరుగుటకు పట్టుకాలము నేటి గడియారపు లెక్కలో 23 గంటల 56 నిమిషముల 4 సెకనులు. ఆధునికులు నిర్ణయించిన నాక్షత్రదినమునకును దీనికిని భేదము సెకనులోని స్వల్పాంశము మాత్రమే. గోలపాదమున ఆయన ఒక దృష్టాంతమును చూపెను. నదిలో ముందునకు పోవు నావయందున్నవానికి ఒడ్డుననున్న అచలవస్తువులు వెనుకకు పోవుచున్నట్లు కనబడును. అట్లే లంకయందు, అనగా నిరక్షదేశమున ఉన్నవానికి, కదలని నక్షత్రములు సమముగ పడమరకు పోవుచున్నట్లు గోచరించును. ఈ దృష్టాంతమును ఆయన పిల్లలనాటి నావప్రయాణమునుండి గ్రహించెనో, గంగాతీరవాసమువలన గ్రహించెనో కాని, ఇంతకంటె సులభముగ ఈ విషయమును బోధింపజాలరు.

మూడవ స్థానము గీతికాపాదమునందే కలదు. ఈ వ్యాసమున విచారింపదలచిన పాఠభేదము అచ్చటిదే. ఒక ప్రాణకాలమున ఒక కల తిరుగునని ఆ వాక్యార్థము. నాక్షత్రాహోరాత్రమున 60 నాడికలు, నాడికకు 60 వినాడికలు, వినాడికకు 6 ప్రాణములు. మొత్తము 21,600 ప్రాణములు. వృత్తమున 360 అంశలు, అంశకు 60 కలలు. మొత్తము 21,600 కలలు. మానవుని శ్వాసయు భూగోళపు భ్రమణమును ఒకే సంఖ్యతో కొలువబడుచున్నవి. అజపాజపమున అహోరాత్రమునకు 21,600 శ్వాసలు లెక్కించు యోగసంప్రదాయము ఎరిగినవారికి ఈ సంఖ్య క్రొత్తది కాదు. ఇంతకును ప్రాణకాలమున ఒక కల తిరుగునది యేది? ఆర్యభటుడు వ్రాసినది భూః అని. తరువాతి వ్యాఖ్యాతలు పఠించినది భం అని. భూః అనగా భూమి. భం అనగా నక్షత్రమండలము. రెండును ఏకాక్షరములు, రెండును గురువులు. ఛందస్సునకు లేశమాత్రమైనను భంగము లేదు. మార్చినవారు శాస్త్రజ్ఞులు, ఛందోవేత్తలు.

ఇంతటి మాటలు చెప్పినవాడు నాస్తికుడా యనిన, కాడు. గ్రంథాదియందు ఆయన పరబ్రహ్మకు నమస్కరించెను. గీతికలను ఎరిగినవాడు గ్రహనక్షత్రగతులను భేదించి పరబ్రహ్మమును చేరునని ఫలశ్రుతి చెప్పెను. సత్యాసత్యజ్ఞానములు కలిసియున్న సముద్రమునుండి, దేవతాప్రసాదమున, తన బుద్ధియను నావతో సత్యజ్ఞానరత్నమును వెలికి తీసితినని గ్రంథాంతమున చెప్పుకొనెను. అంతతో ఆగక, ఇది పూర్వపు స్వాయంభువశాస్త్రమేయనియు, దీనికి ప్రతికంచుకము చేసినవాని సుకృతమును ఆయుష్షును నశించుననియు కఠినముగ పలికెను. 23 ఏండ్ల ప్రాయమునాటి దర్పము కొంత ఇందుండవచ్చును. తన మాట మార్చబడునని ఆయన ముందే శంకించెనేమో యనిపించుటయు సహజమే.

భూభ్రమణమును మొదట ఖండించినవారిలో వరాహమిహిరుడు ముఖ్యుడు. భూమి తిరుగుచుండినచో ఆకాశమున ఎగిరిన శ్యేనాదులు మరల తమ గూళ్లను ఎట్లు చేరుననియు, ధ్వజాదులు సర్వదా పడమటివైపునకే ఎగురవలెనుకదా యనియు ఆయన పంచసిద్ధాంతికయందు ఆక్షేపించెను. ఎనిమిదవ శతాబ్దివాడైన లల్లుడు శిష్యధీవృద్ధిదతంత్రమున, మీదికి విడిచిన బాణములు పడమట పడవలెననియు, మేఘములు పడమరకే పోవలెననియు, మెల్లగ తిరుగుననినచో ఒక్క దినమున ఆవృత్తి ఎట్లు పూర్తియగుననియు వాదించెను. లల్లుడు గణనమున ఆర్యభటుని అనుయాయి యన్నది గమనింపవలెను. ఈ ఆక్షేపములను మూఢత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. కదలుచున్న వస్తువుపైనున్న పదార్థములు ఆ కదలికను తామును పంచుకొనునను తత్త్వము పదునేడవ శతాబ్దిలో గాని యూరపునందు చక్కగ నిరూపింపబడలేదు. భూభ్రమణమునకు ప్రత్యక్షనిదర్శనముగ ఫూకో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిసు నగరమున దీర్ఘలోలకమును వ్రేలాడదీసి చూపినది 1851లో. అంతవరకు పక్షుల గూళ్ల ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము చెప్పుట కష్టమే. యుక్తిచే యుక్తిని ఎదుర్కొనుట శాస్త్రధర్మము.

బ్రహ్మగుప్తుని ఖండనము వేరు రకమైనది. క్రీ.శ. 598లో జన్మించిన ఈయన భిల్లమాలమున 30 ఏండ్ల ప్రాయమున, 628లో, బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. అందు పదునొకండవదైన తంత్రపరీక్షాధ్యాయము పరతంత్రదూషణమునకే కేటాయింపబడినది; దూషణభాగము ఎక్కువగ దక్కినది ఆర్యభటునికే. భూమి ప్రాణకాలమున ఒక కల పోవునదైనచో అది ఎచ్చటినుండి ఎచ్చటికి, ఏ మార్గమున పోవుచున్నది? తిరుగుచున్నచో ఉన్నతవస్తువులు పడిపోవేల? ఇంతవరకు యుక్తివాదమే. కాని యుగపాదముల సమవిభాగమును ఆక్షేపించునప్పుడు ఆయన ప్రమాణము యుక్తి కాదు. స్మృతితో ఏకీభవింపకపోవుటయే దోషము. గ్రహణవిషయమున, రాహువును నిరాకరించు వరాహమిహిర శ్రీషేణ ఆర్యభట విష్ణుచంద్రాదులు లోకవిరుద్ధముగను, వేదస్మృతిసంహితలకు బాహ్యముగను పలుకుచున్నారని అధిక్షేపించెను. ఆర్యభటుని దోషములు లెక్కకు మిక్కిలి యనియు, గణితకాలగోలములలో ఒక్కటియు ఆయనకు తెలియదనియు కూడ అనెను. వేదబాహ్యత్వారోపణము మన సంప్రదాయమున ఎంతటి కఠినదండనమో పాఠకులకు చెప్పనక్కరలేదు. జైనబౌద్ధులపై ప్రయోగించు శబ్దము, సాంగవేదాధ్యాయి యొకడు సాటి జ్యోతిర్విదునిపై ప్రయోగించెను.

ఇందలి వింత యేమనగా, రాహువును ఇంతగ సమర్థించిన బ్రహ్మగుప్తుడే గ్రహణగణితమును ఆరంభింపగనే భూచ్ఛాయను, చంద్రబింబమును మాత్రమే లెక్కలోనికి తీసికొనెను. రాహువు బ్రహ్మవరముచే ఆ ఛాయయందు ప్రవేశించునను సమన్వయముతో స్మృతికిని గణితమునకును సంధి కుదిర్చెను. యుగవిభాగమున స్మృతిని కాపాడుటకు ఆయన 4,32,00,00,000 సంవత్సరముల కల్పమును ప్రమాణముగ గ్రహించి, గ్రహములన్నింటి సమాగమమును కల్పాదికి త్రోయవలసివచ్చెను. స్మృతిరక్షణకు చెల్లించిన మూల్యము గణనగౌరవము.

వయస్సు మీరిన పిమ్మట బ్రహ్మగుప్తుడు మరియొక గ్రంథమును రచించెను. 665లో, తన 67వ ఏట, వెలువరించిన ఖండఖాద్యకమున ఆయన స్వీయసిద్ధాంతమును కాక ఆర్యభటుని ఆర్ధరాత్రిక పద్ధతిని అనుసరించెను. ఆర్యభటుని గణనము వివాహజాతకాది నిత్యవ్యవహారమునకు భారమగుటచే, దానితో సమానఫలమునిచ్చు లఘుప్రక్రియను చెప్పుచున్నానని గ్రంథారంభమున పేర్కొనెను. గణితకాలగోలములలో ఒక్కటియు ఎరుగడని తాను 30వ ఏట నిర్ణయించినవాని ఫలములనే 67వ ఏట ప్రమాణము చేసికొనుట పశ్చాత్తాపమా, లోకావసరమా యని విమర్శకులు చర్చించుచుందురు. ఉత్తరభాగమున ఆ ఫలములకు తాను సంస్కారములు చేర్చెను కనుక పూర్తిగ తలయొగ్గెనని చెప్పరాదు. అయినను దేశమంతట పంచాంగకర్తలు ఆర్యభటుని విడువలేదనుటకు ఇదియే సాక్ష్యము.

శత్రువుయొక్క స్థితి ఇట్లుండగా, స్వపక్షమువారు చేసినదేమి? ఆర్యభటీయమునకు వ్యాఖ్య వ్రాసినవారికి రెండు బాధ్యతలు. ఆచార్యుడు తప్పు చెప్పెననరాదు. భూమి తిరుగుచున్నదనియు అనరాదు. నావదృష్టాంతమును వారు తొలగింపలేరు, అది పూర్ణశ్లోకము. కనుక అది మిథ్యాజ్ఞానవంతుల దృష్టిని అనువదించుచున్నదనిరి. దాని తరువాతి శ్లోకమున ప్రవహవాయువుచే ప్రేరితమై నక్షత్రపంజరము తిరుగునట్లు చెప్పబడియుండుట వారికి ఊతమైనది. భూభగణసంఖ్యను నక్షత్రమండలపు ఆవర్తనసంఖ్యగ అన్వయించిరి. మిగిలినది ప్రాణకలావాక్యము. అచ్చట ఒక్క అక్షరము మార్చినచో చాలును. భూః భం అయ్యెను. ఈ మార్పు ఎవరి చేతిలో మొదట జరిగినదో నిర్ధారించుట అప్రస్తుతము. అది భక్తిచే జరిగినదని మాత్రము చెప్పవచ్చును. గురువును నిందనుండి రక్షింపదలచినవారు గురువాక్యమును బలియిచ్చిరి.

యూరపుఖండమున 1600లో బ్రూనో సజీవదహనమునకు గురియయ్యెను. 1633లో గెలీలియో న్యాయపీఠము ముందు మోకరిల్లవలసివచ్చెను. ఇచ్చట అట్టి న్యాయపీఠము లేదు, చెరసాల లేదు. ఆర్యభటుని గ్రంథము దహింపబడలేదు. ఈ భేదమునకు గర్వించుట ఉచితమే. కాని లేఖకుని గంటము చేయగల పని కూడ కలదని ఈ పాఠభేదము తెలుపుచున్నది.

ఆ మార్పు బయటపడుటకు కారణము బ్రహ్మగుప్తుడే. ఖండింపదలచినవాడు ఖండనీయమైన వాక్యమును తన శ్లోకమున అనువదింపవలెను. పూర్వపక్షమును యథార్థముగ నిలుపుట శాస్త్రవాదనియమము. అందుచే ఆయన వాక్యమున ప్రాణకాలమున కల పోవునది భూమియే. ఆ ఆక్షేపము మూలమున భూః అను పాఠమున్ననే పొసగును. భం అను పాఠమున్నచో బ్రహ్మగుప్తుడు ఖండించుటకు ఏమియు ఉండదు. ఇంతటి తీవ్రప్రతిపక్షి కంటె బలవత్తరమైన సాక్షి దొరకుట దుర్లభము.

బ్రహ్మగుప్తుని వ్యాఖ్యాతయైన పృథూదకస్వామి తొమ్మిదవ శతాబ్దివాడు. తాను వ్యాఖ్యానించు గ్రంథకర్తకు విరుద్ధముగ, ఆర్యభటుని పక్షమే యుక్తమని ఈయన నిర్భయముగ చెప్పెను. గ్రహములకు ఏకకాలమున పరస్పరవిరుద్ధములైన రెండు గతులు పొసగవు. ఉన్నతవస్తువులు పడిపోవునను ఆక్షేపమును నిలువదు. గోళమున ద్రష్ట నిలిచినచోటెల్ల ఊర్ధ్వభాగమే కనుక పడుటకు క్రిందు అనునది లేదు. నక్షత్రపంజరము స్థిరమనియు, భూమియే మరల మరల తిరుగుచు ఉదయాస్తమయములను కలిగించుననియు అర్థమిచ్చు ఆర్యభటవచనము నొకదానిని కూడ ఈయన ఉదాహరించెను. వ్యాఖ్యాతకు మూలకారునియెడ గల విధేయతకు హద్దు ఎచ్చటనో పృథూదకుని చూచి నేర్చుకొనవలెను.

పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమున భారతదేశవిద్యలను పరిశీలించిన అల్ బిరూనీ ఎంత వెదకినను ఆర్యభటుని గ్రంథము నొకదానినైనను పొందలేకపోయెను. ఆయనకు తెలిసిన ఆర్యభటుడు బ్రహ్మగుప్తుని ఉదాహరణములలోని ఆర్యభటుడే. భూమి తిరుగుచున్నదన్నను జ్యోతిర్గణితమునకు హాని లేదని ఆయన గుర్తించెను. రాహువిషయమున బ్రహ్మగుప్తుని మాటలు ఆయనను ఆశ్చర్యపరచినవి. ఇంతటి మేధావి తన అంతఃకరణమునకు విరుద్ధముగ పలుకుటకు, గ్రీకుదేశపు సోక్రటీసునకు పట్టినట్టి ఆపదయేదో తనకును కలుగునను పరిస్థితియే కారణమై యుండునని ఆయన ఊహ. ఆ ఊహకు వేరు ప్రమాణము లేకున్నను, పరదేశీయుడు బ్రహ్మగుప్తుని యెడ చూపిన ఈ సానుభూతి స్మరింపదగినది.

ఉత్తరదేశమున అరుదైన గ్రంథము దక్షిణమున జీవించినది. కేరళమున హరిదత్తుడు 683లో ప్రవర్తింపజేసిన పరహితపద్ధతి ఆర్యభటీయాధారమైనది. పండ్రెండవ శతాబ్ద్యంతమున జన్మించిన సూర్యదేవయజ్వ చోళదేశమున వ్యాఖ్య రచించెను. నిళానదీతీరవాసియైన పరమేశ్వరుడు 55 సంవత్సరములు గ్రహణములను స్వయముగ పరిశీలించి 1431లో దృగ్గణితమును నెలకొల్పినవాడు. ఆర్యభటీయమునకు భటదీపికయను వ్యాఖ్యను రచించినవాడు. కంటికి కనబడినదానికొరకు పూర్వుల సంఖ్యలను సంస్కరించుటకు వెనుదీయని ఆ మహానుభావుడు కూడ, పరమార్థమున భూమి స్థిరమేయని వ్రాసెను. భూభ్రమణము ప్రత్యక్షమునకు అందునది కాదుకదా. ఆయన పరంపరలోని నీలకంఠ సోమయాజి మరియొక అడుగు ముందునకు వేసెను. ఆర్యభటునికి బ్రహ్మ స్వయముగ వచ్చి ఉపదేశించెనని తలచువారికి ఆయన జ్యోతిర్మీమాంసయందు సమాధానము చెప్పుచు, దేవతాప్రసాదమనగా బుద్ధినైర్మల్యమునకు హేతువు మాత్రమేయని వివరించెను. తెలుగుదేశమున పందొమ్మిదవ శతాబ్దివాడైన కోటికలపూడి కోదండరామ సిద్ధాంతి సుధాతరంగమను తెలుగు వ్యాఖ్యను సంతరించెను. మన పాఠశాలలయందు ఆర్యభటీయపఠనము పూర్తిగ అడుగంటలేదనుటకు అది నిదర్శనము.

1817లో బ్రహ్మగుప్తభాస్కరుల గణితమును ఆంగ్లీకరించిన కోల్‌బ్రూకు దొరకు ఆర్యభటీయము లభింపలేదు. అల్ బిరూనీవలెనే ఆయనయు ప్రతివాదుల వాక్యములను, పృథూదకుని సమర్థనమును ఆధారము చేసికొని ఆర్యభటుని ఊహించెను. బొంబాయికి చెందిన భావూ దాజీ వ్రాతప్రతులను సంపాదించి, 1865లో ప్రకటించిన వ్యాసమున ఆర్యభటుని నామమును, కాలమును నిర్ణయించెను. 1874లో హాలెండుదేశపు లైడెన్ నగరమున హెన్డ్రిక్ కెర్న్ పండితుడు పరమేశ్వరవ్యాఖ్యతో ఆర్యభటీయమును తొలిసారి ముద్రించెను. ఆర్యభటుని జన్మమునకు 1500 సంవత్సరములు నిండిన 1976లో భారత జాతీయ విజ్ఞాన పరిషత్తు పక్షమున కృపాశంకర శుక్ల, కె.వి. శర్మ పండితులు సవిమర్శకముద్రణమును వెలువరించిరి. బ్రహ్మగుప్తాదుల అనువాదములను ప్రమాణముగ గ్రహించి ఆ ముద్రణమున గీతికాపాదమునందు భూః అను పాఠమునే మూలముగ నిలిపిరి.